మూడు క్షేత్రాలు – పన్నెండు రోజులు



నేటి ప్రసంగ విషయం కాశీయాత్ర. అయితే కాశీ మహిమను గురించి మీరు అనేక పర్యాయములు విని ఉన్నారు. దానిని మరల వర్ణించుట నా ఉద్దేశం కాదు. యాత్రకు సంకల్పించిన ప్రతి కుటుంబంలోను బయలుదేరుటకు ముందే తలెత్తే ఒక చిన్న ప్రశ్నను గురించి మనవి చేయదలచుకొన్నాను. దొరికిన సెలవు పన్నెండు రోజులు. ప్రయాగ, కాశీ, గయ అని క్షేత్రములు మూడు. దేనికి ఎన్ని రోజులు కేటాయించవలెను?

ఇది రైళ్ళ వేళలకు సంబంధించిన ప్రశ్న అని చాలామంది భావిస్తారు. నిజమునకు ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. ధనం తక్కువైతే అప్పు పుడుతుంది. రోజులకు అప్పు పుట్టదు. కనుక ఉన్న రోజులను పంచుకొనే వేళ దేనికి మనం ఎంత విలువ ఇస్తున్నామో మనకే తెలిసిపోతుంది.

ప్రయాగ, కాశీ, గయ ఈ మూడింటిని కలిపి పెద్దలు త్రిస్థలి అన్నారు. పదహారవ శతాబ్దిలో కాశీలో నివసించిన నారాయణభట్టు ఈ మూడు క్షేత్రముల విధులను సమకూర్చి ‘త్రిస్థలీసేతు’ అనే సంస్కృత గ్రంథమును రచించినాడు. మూడింటిని ఒక్క గ్రంథంలో కూర్చినను మూడింటి స్వభావం ఒక్కటి కాదు. ప్రయాగ స్నానక్షేత్రం. గంగా యమునలు కలిసే చోట, అంతర్వాహినియైన సరస్వతిని స్మరించి మునుగుట అక్కడి ముఖ్యకార్యం. ముండనం, మన ఆడవారు ఆచరించే వేణీదానం అక్కడనే. గయ శ్రాద్ధక్షేత్రం. ఫల్గునీతీరం, విష్ణుపాదం, అక్షయవటం ఈ మూడు చోట్ల పిండప్రదానం చేయుట అక్కడి ముఖ్యకార్యం. ఇక కాశీ వాసక్షేత్రం. అక్కడ చేయవలసిన ముఖ్యకార్యం ఉండుట. మన తెలుగువారిలో తొమ్మిది రాత్రులు కాశీవాసం చేయుట అనే సంప్రదాయం అందువల్లనే ఏర్పడినది.

ఈ భేదమును గుర్తించినవారికి సగం చిక్కు విడిపోతుంది. స్నానమునకు ఒక ఉదయం చాలును. శ్రాద్ధమునకు ఒక పూర్తి దినం కావలెను. దానిలో తొందర పనికిరాదు. వాసమునకు మాత్రం ఇంత అని హద్దు లేదు. ఎంత ఇస్తే అంత పుచ్చుకొంటుంది. కాబట్టి పన్నెండును మూడుతో భాగించి తలకు నాలుగు అనుట లెక్కకు సరిపోవును గాని యాత్రకు సరిపోదు. పెళ్ళివిందులో ఉప్పుకు, పప్పుకు, అన్నమునకు సమానమైన చోటు ఎవరూ ఇవ్వరు గదా!

పూర్వం ఈ చిక్కు మరొక రీతిగా ఉండేది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి బయలుదేరి, కాశీ గయలు సేవించి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరినారు. పదిహేను మాసములు దాటిన యాత్ర అది. ఆయన వ్రాసిపెట్టిన దినచర్య ఆయన గతించిన తరువాత 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అను పేర అచ్చైనది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అనే సామెత పుట్టిన కాలం అది. ఆనాటివారికి దారి దుర్లభం, దినములు సులభం. 1929 నాటికి కాజీపేట నుండి బల్హార్షాకు రైలుమార్గం ఏర్పడి మనకు ఉత్తరదేశపు దారి తెరుచుకొన్నది. నేడు కాజీపేటలో బండి ఎక్కినవారు నాగపురం, ఇటార్సీ, జబ్బల్పూరు మీదుగా సుమారు ఒక అహోరాత్రంలో ప్రయాగ పరిసరములకు చేరుతున్నారు. మనకు దారి సులభమై దినములు దుర్లభమైనవి.

ఒక కుటుంబమును ఊహించుకొందాము. హనుమకొండలో ఉద్యోగం చేసుకొనే కుమారుడు, అతని భార్య, అత్తవారింటి నుండి వచ్చిన అతని చెల్లెలు, డెబ్బై ఏండ్లు దాటిన తల్లి. తండ్రి గతించి రెండేండ్లైనది. గయలో శ్రాద్ధం జరుగలేదు. తల్లికి మోకాళ్ళ నొప్పి. ఆమె కాశీకి వెళ్ళుట ఇదే మొదలు, బహుశా ఇదే చివర. కుమారునికి దొరికిన సెలవు పన్నెండు రోజులు. తల్లి కోరిక తొమ్మిది రాత్రుల వాసం. కుమారుని కర్తవ్యం గయాశ్రాద్ధం. ఇంతలో బంధువు ఒకరు, ‘ఎట్లాగు అంతదూరం పోతున్నారు, అయోధ్య, నైమిశారణ్యం కూడా చూచి రండి, ఇంకొక్క రెండు రోజులు’ అని సలహా చెప్పినారు. ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఈ సభలో ఉన్న అనేకుల ఇండ్లలోని సంగతి.

ఇప్పుడు లెక్క చూతము. మొదటి రోజు కాజీపేటలో బయలుదేరితే రెండవ రోజు ప్రయాగ. ఆ రాత్రి విశ్రాంతి. మూడవ రోజు ఉదయం త్రివేణీస్నానం, సాయంకాలమునకు కాశీ. దూరం సుమారు 125 కిలోమీటర్లు. పన్నెండవ రోజున ఇల్లు చేరవలెనంటే పదకొండవ రోజున కాశీ విడువవలెను. అనగా మూడవ రాత్రి మొదలు పదవ రాత్రి వరకు, ఎనిమిది రాత్రులు మాత్రమే చేతిలో ఉన్నవి. గయ కాశీకి సుమారు 250 కిలోమీటర్లు. శ్రాద్ధమునకు ముందటి దినమే అక్కడికి చేరి, శ్రాద్ధం నాటి రాత్రి అక్కడనే ఉండి, మరునాడు తిరిగి వచ్చుట ఉచితం. దానికి రెండు రాత్రులు. మిగిలినవి కాశీకి ఆరు. అయోధ్యను చేర్చితే నాలుగు. నైమిశారణ్యమును చేర్చితే ఇంకను తక్కువ. అప్పుడది వాసం కాదు, మజిలీ.

ఇట్టి సందర్భంలో మూడు నియమములను పాటించవలెనని నా మనవి.

మొదటిది: తగ్గించుటకు వీలులేని దానిని ముందుగా నిలుపవలెను. గయలో తండ్రి ఋణం అట్టిది. మన బదులు మరొకరు తీర్చేది కాదు. దానికి కావలసిన రెండు రాత్రులను తీసి పక్కన పెట్టి, తరువాత మిగిలినవాటిని పంచుకొనవలెను. ఉదయం కాశీలో ఎక్కి, మధ్యాహ్నం గయలో పిండములు పెట్టి, రాత్రికి తిరిగి రావలెనని కొందరు చూస్తారు. బండి ఆలస్యమైతే ఆ దినమంతా గడియారం వైపు చూచుటతోనే సరిపోతుంది. పితరులను స్మరించవలసిన గడియలలో స్టేషనును స్మరించుట తగునా?

రెండవది: అందరిలో బలహీనులైన వారి నడకను బట్టి దినమును కొలువవలెను. పటములో 250 కిలోమీటర్లు అందరికీ సమానమే. మోకాళ్ళ నొప్పి గల తల్లికి అది ఒక రోజు ప్రయాణం, ఒక రోజు అలసట. యౌవనంలో ఉన్నవారు తమ శక్తిని బట్టి పట్టిక వేసుకొని పెద్దలను దానిలో ఇముడ్చుట నేడు తరచుగా జరుగుతున్నది. ఫలితంగా తల్లి విశ్వనాథుని వాకిట నిలిచియు బస ఎంత దూరమో అని అడుగుతుంది.

మూడవది అన్నిటికంటె ముఖ్యం: ఎవరి కొరకు యాత్ర చేస్తున్నామో వారిని అడుగవలెను. చిత్రమేమనగా టిక్కెట్లు, బస, బండి అన్నియు కుదిర్చిన పిమ్మట గాని తల్లికి సంగతి చెప్పరు. ముందే అడిగి ఉంటే ఆమె ఏమనేదో! ‘బిడ్డా, మీ నాయన పని నువ్వు, కోడలు పోయి చేసి రండి. నేను చెల్లెతో గంగ ఒడ్డున కూర్చుంటాను’ అని అనవచ్చును. అప్పుడు కుమారునికి గయ దక్కినది, తల్లికి ఎనిమిది రాత్రుల కాశీ దక్కినది. లేదా, ‘మీ నాయనకు పిండం పెట్టే చోట నేనూ ఉంటాను, కాశీలో రెండు రాత్రులు తగ్గినా చింత లేదు’ అని అనవచ్చును. రెండును ధర్మమే. ఏది కావలెనో నిర్ణయించవలసినది ఆమె. రోజులను ఊళ్ళ మధ్య పంచుటకు పూర్వం మనుషుల మధ్య పంచవలెనని దీని తాత్పర్యం. అందరును అన్ని చోట్లకు కలిసియే తిరుగవలెనని నియమం లేదు.

తొమ్మిది రాత్రుల మాట కూడా ఒకటి చెప్పవలసియున్నది. ఎనిమిదే చేతిలో ఉన్నప్పుడు తొమ్మిదికి సంకల్పం చెప్పుకొని, చివర భంగమైనదని బాధపడరాదు. సాధ్యమైతే ఇంకొక్క రోజు సెలవు అడగండి. కాకుంటే ఉన్నన్ని రాత్రులకే సంకల్పం చేసి, వాటిని నిండుగా గడపండి.

ఇక నాలుగవ ఊరి సంగతి. కాశీ గయలకు వెళ్ళినవారు ప్రీతియైన కాయో పండో ఒకటి విడిచి రావలెనని మన ఇండ్లలో ఆచారం ఉన్నది. వంకాయ విడిచినవారు, సీతాఫలం విడిచినవారు మనకు తెలుసు. విడువవలసినది కూరగాయను మాత్రమే కాదు, దాని మీది ఆశను. అట్లయితే ఆ త్యాగమును కాజీపేట స్టేషనులోనే ఎందుకు ప్రారంభించకూడదు? ‘ఇంత దూరం వచ్చి అది చూడలేదా?’ అను మాటకు వెరచి చేర్చుకొన్న ఊరును ముందుగా విడిచిపెట్టండి. అయోధ్యకు మరొక పర్యాయం అయోధ్య కొరకే వెళ్ళండి. శ్రీరామచంద్రుడు మరొక ఊరికి పోతూ దారిలో తొంగి చూడదగినవాడా?

కాశీకి మిగిలిన రాత్రులలోను ఒక ఉదయమును దేనికీ కేటాయించక ఖాళీగా ఉంచండి. 2021 డిసెంబరులో విశ్వనాథాలయమునకు గంగాతీరం నుండి విశాలమైన మార్గం తెరువబడినది. ఇరుకు సందుల కష్టం తగ్గినది. భక్తుల సంఖ్య పెరిగినది. 2023 ఏప్రిల్ 22 నుండి మే 3 వరకు జరిగిన గంగాపుష్కరములలో మన తెలుగువారు ఎంతమంది తరలివెళ్ళినారో మీరు ఎరుగుదురు. దర్శనం ఒక గడియలో కావచ్చును, ఒక పూట పట్టవచ్చును. ఖాళీగా ఉంచిన ఉదయం ఆ లోటును భర్తీ చేస్తుంది. అవసరం పడకపోతే తల్లిని మానససరోవరఘట్టం మెట్లమీద కూర్చుండబెట్టి మీరును పక్కన కూర్చుండండి. యాత్ర మొత్తములో ఆమె జ్ఞాపకం ఉంచుకొనేది ఆ ఉదయమే కావచ్చును.

పెద్దలకు పనికివచ్చే ఒకటి రెండు విషయములు. 2024 నవంబరు నుండి రైలు రిజర్వేషను ప్రయాణమునకు 60 రోజుల ముందు మాత్రమే ప్రారంభమగుచున్నది. అంతకు పూర్వం 120 రోజులు ఉండెడిది. కాబట్టి ఇంట్లో ఈ చర్చ అంతకు ముందే ముగియవలెను. 2018లో అలహాబాదు పేరు ప్రయాగరాజ్ అని, మొగల్‌సరాయి జంక్షను పేరు పండిత్ దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షను అని మారినవి. పాత పేర్లు ఎరిగినవారు టిక్కెట్టు చూచి కలత పడనవసరం లేదు.

పన్నెండు రోజులు కూడా దొరకనివారు చింతించవలసిన పని లేదు. ఒక్క దినమే ఉన్నవారికి మన కాళేశ్వరం ఉన్నది. గోదావరి ప్రాణహితలు కలిసే ఆ తీరమున, ఒకే పానవట్టం మీద కాళేశ్వర ముక్తేశ్వరులు ఇరువురును వెలసి ఉన్నారు. 2025 మే నెలలో సరస్వతీపుష్కరములు అక్కడనే జరిగినవి. ఒక్క దినమును సంపూర్ణముగా ఒక్క క్షేత్రమునకు ఇచ్చినవాని యాత్ర, పన్నెండు దినములలో పది ఊళ్ళు తిరిగినవాని యాత్రకు తీసిపోదు.

మన హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని చూడండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం అది. శివునకు, విష్ణువునకు, సూర్యునకు మూడు గర్భగృహములు. మధ్యలో రంగమండపం ఒక్కటే. మండపం నడుమ నిలిచినవానికి మూడు వాకిండ్లును కనిపిస్తవి. కాని నమస్కరించవలెనంటే ఏదో ఒక వాకిటికి వెళ్ళి, తక్కిన రెండింటికి వీపు చూపక తప్పదు. అది అపచారం కాదు. అది మానవశరీరపు పరిమితి. దేవుడు దానిని ఎరుగును.

ఏ కర్మ చేసినను ముందు సంకల్పం చెప్పుకొంటాము. దానిలో ఏమి చెబుతాము? ఏ ప్రదేశంలో ఉన్నామో, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ వారమో చెబుతాము. నేను ఈ చోట, ఈ కాలమున ఉన్నాను అని ఒప్పుకొన్న తరువాతనే కర్మ ప్రారంభమగుచున్నది. గంగలో నిలిచి సంకల్పం చెబుతూ మనస్సులో గయ బండిని లెక్కించుకొనేవాడు ఆ మాటకు తానే దూరమగుచున్నాడు. దినములను చక్కగా పంచుకొనుట వలన కలిగే ఫలం ఇదియే: ఒక్కసారి నిర్ణయించిన పిమ్మట, ఉన్న చోట ఉండగలుగుట.

కావున యాత్రకు సంకల్పించినవారు ఇంటికి వెళ్ళి పంచాంగం, పటం తెరువక ముందు తల్లి దగ్గర కూర్చుండి, ‘అమ్మా, నీవు ఎక్కడ ఎక్కువసేపు ఉండాలనుకొంటున్నావు?’ అని అడుగవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.