ఉపగ్రహం చెప్పిన నరికివేత లెక్క

2020 జులైలో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం యూరప్ అటవీ వర్గాలను ఉలిక్కిపడేలా చేసింది. యూరోపియన్ కమిషన్‌కు చెందిన జాయింట్ రీసెర్చ్ సెంటర్ శాస్త్రవేత్తలు 26 దేశాల ఉపగ్రహ పటాలు పరిశీలించారు. 2011-15తో పోలిస్తే 2016-18లో నరికిన అటవీ విస్తీర్ణం 49 శాతం, పోయిన జీవద్రవ్యరాశి 69 శాతం పెరిగాయని తేల్చారు. ఆ పెరుగుదలలో సుమారు సగం స్వీడన్, ఫిన్లాండ్‌లదే. అక్కడి కలప లెక్కలు మాత్రం అంత పెద్ద గెంతు వేయలేదు. మరి అన్ని చెట్లూ ఏ మిల్లుకు పోయినట్టు? ఆ పెరుగుదలలో పెద్ద భాగం కొలిచే సాధనంలోనే పుట్టిందని నా వాదన.

ఆ పటాలు మేరీలాండ్ విశ్వవిద్యాలయం ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలతో తయారుచేసినవి. వాటిలో ఒక గడి 30 మీటర్ల చదరం, మన లెక్కలో 22 సెంట్లు. కూపు మొత్తం నేలమట్టం చేస్తే ఏ ఉపగ్రహానికైనా కనబడుతుంది. కానీ నార్డిక్ అడవుల్లో పలచన చేయడమూ ఎక్కువే: కొన్ని స్ప్రూస్ చెట్లు తీసేసి మిగతావాటికి వెలుతురు ఇస్తారు. అప్పుడు ఆ 22 సెంట్ల గడి రంగు కాస్తంతే మారుతుంది. పైగా ల్యాండ్‌శాట్-7 పరికరం 2003లో చెడి, ప్రతి చిత్రంలో ఐదో వంతుకు పైగా చారలుగా ఖాళీపడేది. 2013లో ల్యాండ్‌శాట్-8 వచ్చింది, పటం గీసే పద్ధతీ మెరుగైంది. అటవీ పరిశోధకుడు యోహాన్నెస్ బ్రైడెన్‌బాఖ్ బృందం 2022లో స్వీడన్, ఫిన్లాండ్‌ల నేల మీది అటవీ సర్వేల్లోని 1,20,000కు పైగా పరిశీలనలతో ఈ పటాలను సరిచూసింది. 2015 తర్వాత నరికివేతను పట్టుకునే శక్తి పటానికే ఒక్కసారిగా పెరిగిందని తేలింది. తూనికరాళ్లు మార్చి ధాన్యం పెరిగిందన్నట్టయింది.

నేల లెక్కలు రాసేది కలప అమ్ముకునే దేశాలే కదా, వాటినెలా నమ్మడం అంటారు. న్యాయమైన అనుమానమే. పైగా అక్కడ నేల సర్వే ఒక చుట్టు పూర్తవడానికి ఐదేళ్లు పడుతుంది. ఒక్కో ల్యాండ్‌శాట్ 16 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. కానీ కొలిచినవాడికి స్వార్థం లేనంత మాత్రాన కొలత సరైనదైపోదు. గడులను ఊరికే కూడితే విస్తీర్ణం రాదు. ఎక్కడ నరికారో పటం చూపాలి. ఎంత నరికారో మాత్రం యాదృచ్ఛికంగా ఎంచుకున్న ప్లాట్లతో సరిచూసి, దోషపరిధితో సహా చెప్పాలి. నరికివేత అసలు పెరగలేదని నేను అనడం లేదు. కొంత పెరిగింది, ఆ 49 శాతం రభసలో ఈ కొంత సంగతి ఎవరికీ పట్టలేదు.

ఈ తగువు సెగ మనకూ తగలాలి. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఇచ్చిన 2021 నివేదికలో అటవీ విస్తీర్ణం అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ పెరిగినవి ఆంధ్రప్రదేశ్ (647 చదరపు కిలోమీటర్లు), తెలంగాణ (632). అయితే ఆ లెక్కలో హెక్టారుకు తగ్గకుండా, పది శాతానికి మించి చెట్ల నీడ ఉన్న ప్రతి నేలా అడవే. మామిడి తోటలు, జామాయిల్, సుబాబుల్ అన్నీ అందులోకే వస్తాయి. జామాయిల్ కొట్టేస్తే అడవి తగ్గినట్టు, మోళ్లు చిగిర్చి ఎదిగితే పెరిగినట్టు. రాబోయే నివేదికలోనైనా ప్రతి రాష్ట్రం అంకె పక్కన దోషపరిధిని, సహజ అడవినీ తోటలనూ విడదీసిన లెక్కను, పద్ధతి మారినప్పుడు పాత సంవత్సరాలను కొత్త పద్ధతిలో తిరిగి లెక్కగట్టిన పట్టికను ఆ సంస్థ అచ్చువేయాలని ఈ వేదిక నుంచి కోరుతున్నాను.