వేటమాంసము - కామెర్ల వ్యాధి
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై పిల్లల చదువును గూర్చి ముచ్చటించుచున్నాము. నేడు వారి భోజనమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మన సేత్తూరు కొండల క్రింది యూరు. రాజపాళయపు కుక్కలతో అడవిపందులను వేటాడిన పెద్దల కథలు మన యిండ్లలో నేటికిని వినవచ్చును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వేటకు కాలము చెల్లినది. మన పడమటి కొండల యడవి 2021లో శ్రీవిల్లిపుత్తూరు - మేఘమలై పులుల అభయారణ్యములో చేరినది. అయినను చాటుమాటున వేటమాంసము ఇండ్లకు వచ్చుట లేదని చెప్పజాలము. ఐదవ తరగతి బాలుడొకడు, పందికార్జమును నిప్పులపై కొంచెము కాల్చి తింటిమని తోటివారితో గొప్పగా చెప్పుకొనుచుండగా మేము వింటిమి. నాటినుండి మా మనసునకు నెమ్మది లేదు.

కారణము వినుడు. జపాను దేశమున రెండు కుటుంబములవారు పచ్చి జింకమాంసము తినిరి. ఆరేడు వారములకు వారిలో నలుగురికి కాలేయవ్యాధి సోకినది. మిగిలిన మాంసము మంచుపెట్టెలో నుండెను. అందలి వైరసును, రోగుల నెత్తుటిలోని వైరసును పోల్చి చూడగా రెండును ఒక్కటే. దానిని తినని యింటివారికి వ్యాధి సోకలేదు. ఈ సంగతి 2003లో ప్రకటింపబడినది. వైద్యులు దీనిని హెపటైటిస్ ఇ అందురు. అడవిపంది, ఊరపంది, జింక - వీనియందు ఈ వైరసు కనబడినది.

ఇందలి మోసము ఆ ఆరేడు వారములే. నేడు తిన్నదానికి నేడే కడుపునొప్పి వచ్చినయెడల బుద్ధి తెచ్చుకొందుము. నెలన్నర గడచి కన్నులు పచ్చబడినప్పుడు నాటి విందు నెవరు తలతురు? కావున జాగ్రత్త పొయ్యి యొద్దనే పడవలయును. పైన మాడినంత మాత్రమున లోపలి వైరసు చావదు. మాంసపు నడిమిభాగము 71 డిగ్రీల వేడిలో 20 నిమిషములు ఉడుకవలయునని పరిశోధకులు తేల్చిరి. పచ్చిమాంసము కోసిన కత్తిని, పలకను, చేతులను సబ్బుతో కడుగక వేరు వంటను ముట్టరాదు.

మాంసము తినని వారును నిశ్చింతగా నుండరాదు. మన దేశమున ఈ వ్యాధి ప్రధానముగా మలినమైన నీటి ద్వారా వచ్చుచున్నది. 1955-56లో ఢిల్లీ నగరపు త్రాగునీటిలో మురుగు కలియగా సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చినవి. అదియు ఈ వ్యాధియేయని తరువాతి కాలమున తెలిసినది. నిండునెలల గర్భిణులకు ఇది ప్రాణాంతకము; వ్యాధి సోకినవారిలో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణింపవచ్చును. కావున నీటిని కాచి త్రాగుడు. కన్నులు పచ్చబడిన వెంటనే వైద్యుని చూడుడు. పసరుమందులతో దినములు గడపకుడు.

ఆ బాలుని మేము దండింపలేదు. వాడు తనకు పెట్టినదానిని తినెను. పెట్టువారము మనము. చట్టము నిషేధించిన మాంసమును ఇంటికి రానీయకుడు. అంగడిలో కొన్న మాంసమును బాగుగా ఉడికించి పెట్టుడు. ఇదియే మా ప్రార్థన.