మన దేహంలోని విద్యుత్తు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేండ్ల పండుగనాడు పాఠశాల చరిత్ర చెప్పవలసిన నేను విజ్ఞానశాస్త్ర పాఠం చెప్పబోతున్నాను. దీనికొక కారణమున్నది. అది నా తప్పుతో ముడిపడినది.

నేను మొదట పనిచేసిన బడిలో ఏడవ తరగతి బాలిక ఒకతె పాఠం మధ్యలో బల్లమీదినుంచి ఒరిగిపోయింది. కాళ్ళు చేతులు కొట్టుకొన్నవి. నోట నురుగు వచ్చింది. బి.ఎడ్. పట్టా పుచ్చుకొన్న నేను చేసిన పని, ఆమె గుప్పిట తాళపుచెవుల గుత్తి పెట్టడం! ఎవరో ఉల్లిపాయ తెచ్చారు. మరెవరో "గాలి సోకింది" అన్నారు. మరునాటినుంచి ఆ పిల్ల ప్రక్కన ఎవరూ కూర్చోలేదు. నెల తిరగకుండానే ఆమె బడి మానివేసింది. ఆనాడు ఆ తరగతికి చెప్పలేకపోయిన పాఠమే ఇది.

గంజాం బిడ్డలకు ఈ పాఠాన్ని ఉప్పుతో మొదలుపెట్టవచ్చును. హుమ్మా ఉప్పుమళ్ళు మనకు తెలియనివి కావు. ఉప్పు నీటిలో కరిగినప్పుడు సోడియం, క్లోరైడు అయానులుగా విడిపోతుంది. అయానులంటే విద్యుదావేశం గల కణికలు. మన కణాల చుట్టూ ఉన్న ద్రవం కూడా ఉప్పనిదే. అందులో సోడియం అయానులు ఎక్కువ. కణం లోపల పొటాషియం అయానులు ఎక్కువ. ఈ తారతమ్యం దానంతటది నిలిచేది కాదు. కణత్వచంలోని ఒక ప్రోటీను, ఏతామెక్కిన మనిషివలె నిరంతరం శ్రమించి, మూడు సోడియం అయానులను బయటికి తోడి, రెండు పొటాషియం అయానులను లోపలికి తెస్తుంది. లోపలి పొటాషియం కొంత మళ్ళీ బయటికి జారుతూ తన ధనావేశాన్ని వెంట తీసుకొనిపోతుంది. అందుచేత నాడీకణం లోపలి వైపు బయటికంటె సుమారు 70 మిల్లీవోల్టులు ఋణంగా ఉంటుంది. టార్చిలైటు సెల్లులో ఇది ఇంచుమించు ఇరువదవ వంతు.

కబురు అందగానే త్వచంలోని సోడియం ద్వారాలు తెరుచుకొంటాయి. సోడియం లోపలికి ఉరుకుతుంది; లోపలి వైపు క్షణకాలం ధనావేశం పొందుతుంది. సెకనులో వెయ్యవ వంతు గడిచేసరికి ఆ ద్వారాలు మూసుకొని, పొటాషియం ద్వారాలు తెరుచుకొని, పూర్వస్థితి వస్తుంది. ఈ మార్పు ప్రక్క భాగాన్ని, అది ఆ ప్రక్క భాగాన్ని మేల్కొలుపుతూ నాడి పొడవునా సాగుతుంది. తీగలో కరెంటు పారినట్లు కాదు, దీపావళినాడు ఒక దీపంతో మరొక దీపం వెలిగించినట్లు. నాడి కొసన వెలువడే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కండరంలోనూ ఇటువంటి తరంగాన్నే లేపుతుంది. కండరం ముడుచుకొంటుంది.

ఈ రహస్యం తెలియజెప్పినది సముద్రంలోని స్క్విడ్. మన గోపాల్‌పూర్ జాలరి బిడ్డలకు చిరపరిచితమైన జాతి. దానిలోని ఒక నాడీతంతువు దాదాపు ఒక మిల్లీమీటరు లావు ఉంటుంది. ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1939లో అటువంటి తంతువు లోపలికి ఎలక్ట్రోడు దింపి విద్యుత్తును కొలిచారు. 1952లో గణితపూర్వకంగా వివరించారు. 1963లో నోబెల్ బహుమతి పంచుకొన్నారు.

మరి తోడిపోసే ఆ ప్రోటీనుకు శక్తి ఎక్కడిది? ఏ.టి.పి. అనే పదార్థానిది. కండరంలో దానిని 1929లో ఫిస్కేతో కలిసి గుర్తించినవారు భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏట స్వతంత్రంగా కనుగొన్నాడు. సుబ్బారావుగారు పుట్టిన 1895లో భీమవరమూ, బరంపురమూ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. ఆ 1929లోనే హాన్స్ బెర్గర్ మానవ మెదడు విద్యుత్ తరంగాల నమోదును ప్రకటించాడు. మూర్ఛవ్యాధి పరీక్షకు నేడు వాడే ఇ.ఇ.జి. దానినుంచి వచ్చినదే.

మెదడులో ఎవరి వంతు వచ్చినప్పుడు వారు పలుకవలసిన నాడీకణాలు అసంఖ్యాకంగా, ఒక్కసారిగా, అదుపుతప్పి పలికితే అది మూర్ఛ. గాలి కాదు, శాపం కాదు, అంటువ్యాధి కాదు. తాళపుచెవులకు సోడియం ద్వారాలు మూసే శక్తి లేదు. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాలలో వాటంతటవే ఆగుతాయి; ఆ కీర్తి తాళపుచెవులకు దక్కింది. ఆ ద్వారాలను నిజంగా అదుపుచేసేవి ఫెనిటాయిన్ వంటి మందులు. సరియైన చికిత్సతో పదిమందిలో ఏడుగురి వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరు. 1962లో స్థాపితమైన వైద్య కళాశాల మన ఊరిలోనే ఉన్నది.

పిల్లలారా, మీ తోటివారు అలా పడిపోతే చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తొలగించండి. తలక్రింద మెత్తనిది పెట్టి, ఒక ప్రక్కకు తిప్పండి. గట్టిగా పట్టి అదమవద్దు. నోట్లో ఏదీ పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఆ బాలిక ఇప్పుడు నడివయస్సులో ఉండాలి. ఎక్కడున్నదో నాకు తెలియదు. ఈ సభాముఖంగా ఆమెను క్షమాపణ వేడుకొంటున్నాను. ఇకమీదట మన బడిలో ఏ బిడ్డ ఒరిగిపోయినా, తేరుకొని లేచి కూర్చునేసరికి ప్రక్క స్థలం ఖాళీగా ఉండకూడదు. ఈ పండుగనాడు మిమ్మల్ని నేను కోరేది ఇంతే.