ఇంప్లాంటు పన్ను: ఎముక, చిగురు జాగ్రత్తలు
(గండిపేటలో జరిగిన ఆరోగ్య కూడికలో దంత వైద్యురాలి ప్రసంగ పాఠం)



పోయిన నెల చేవెళ్ళ వైపు నుండి ఒక పెద్దాయన వచ్చారు. అయిదేళ్ళ క్రితం పట్నంలో ఇంప్లాంటు పెట్టించుకున్నారు. నొప్పి లేదు గాని, చిగురు నొక్కితే చీము వస్తోంది. "ఇనుప పన్నుకు పురుగు పట్టదు గదా డాక్టరమ్మా, తోముడు ఎందుకని ఇడిసిపెట్టిన" అన్నారు. ఎక్స్‌రేలో చూస్తే మర చుట్టూ ఎముక గిన్నెలాగా కరిగిపోయి ఉంది.

అది ఇనుము కాదు, టైటానియం. 1952లో స్వీడన్‌కు చెందిన బ్రోనిమార్క్ కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తీయబోతే ఊడి రాలేదు. ఎముక దానిని పట్టేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో మరలు అమర్చారు. ఆయన 2006లో చనిపోయేవరకు అవి పనిచేశాయి.

మరి మన పెద్దాయనకు అయిదేళ్ళకే ఎందుకిలా? గండిపేట కట్ట మీరంతా చూసినదే. ఏ కట్టకైనా రాయీ నేలా కలిసే చోట ఊట మొదలైతే ప్రమాదం. ఇంప్లాంటుకు ఆ చోటు మెడ, అనగా చిగురు మరను ఆనుకొనే భాగం. సొంత పన్నుకైతే చిగురు నారలు వేరులోకి నాటుకొని ఉంటాయి. మర చుట్టూ అవి పక్కన నిలబడతాయే గాని లోపలికి పోవు. అందుకే పాచి చేరితే సూక్ష్మక్రిములు తొందరగా కిందికి దిగుతాయి.

మొదటి ఏడాది ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు, ఆపైన ఏటా 0.2 మి.మీ. లోపు ఎముక తగ్గడం మామూలేనని 1986 నాటి లెక్క. దీనిని ఇంకా తగ్గించే దారి అనుకోకుండా దొరికింది. 1990ల మొదట్లో ఒక కంపెనీ 5 మి.మీ. మరలు తెచ్చింది, వాటికి సరిపడే పై భాగాలు లేవు. వైద్యులు 4.1 మి.మీ.వి బిగించి సరిపెట్టారు. కొన్నేళ్ళకు ఎక్స్‌రేలు తీస్తే అక్కడ ఎముక తక్కువగా తగ్గింది! రెండు ముక్కల అతుకులో క్రిములు చేరతాయి. ఆ అతుకు అంచు నుండి లోపలికి జరిగితే ఎముకకు దూరమవుతుంది. నేడు చాలా మరలు ఇలాగే చేస్తున్నారు.

మర గరుకుగా ఉంటే ఎముక త్వరగా పట్టుకుంటుంది. కాని ఆ గరుకు చిగురు పైకి తేలిందా, పాచికి అంతకన్నా మంచి చోటు లేదు.

పెట్టించుకొనేవారు పన్ను స్క్రూతో బిగిస్తారా, సిమెంటుతో అతికిస్తారా అని తప్పక అడగండి. సిమెంటు చిగురు కింద మిగిలితే చీము పడుతుంది. పెద్దాయనకు దొరికింది అదే. మర కంపెనీ, సైజు రాసిన కార్డు దాచుకోండి. ఆయన దగ్గర అది లేక, సరిపోయే పనిముట్టు కోసం మేము రెండు వారాలు తిరిగాము. బీడీ, గుట్కా ఉన్నవారు, షుగరు అదుపులో లేనివారు ముందు వాటి సంగతి చూసుకోవాలి. మధ్య సందులకు చిన్న బ్రష్షు, ఆరు నెలలకోసారి పరీక్ష తప్పవు.

పెద్దాయనకు చిగురు తెరచి శుభ్రం చేశాము. రక్తపరీక్షలో షుగరు కూడా బయటపడింది. పోయిన ఎముక పూర్తిగా తిరిగి రాదని చెప్పాము. మర నిలుస్తుందో లేదో ఆరు నెలల తర్వాత ఎక్స్‌రే తీసి చూడాలి. ఇప్పుడైతే రోజూ రెండు పూటలా తోముకుంటున్నారట.