పేగులో గొడవ, వైరస్‌కు మేలుకొలుపు
(ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగం)



మా కుటుంబం మూడు తరాలుగా చెన్నైలోనే ఉంటోంది. ఈ ట్రస్టు ఉపకార వేతనంతోనే మైక్రోబయాలజీ చదివాను. హెచ్ఐవి మీద పని చేస్తానని ఇంట్లో చెప్పిన రోజున మా అమ్మ, "రేపు సంబంధాలు వాళ్ళు ఏం పని అంటే ఏం చెప్పాలే?" అని అడిగింది. ఆమెను తప్పు పట్టను. కానీ మన దేశంలో ఈ వైరస్‌ను మొదట పట్టుకున్నది ఈ ఊరి విద్యార్థినే. 1986లో డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర చదువుతున్న సెల్లప్పన్ నిర్మల రక్తం నమూనాలు సేకరించి, రైల్లో వేలూరు తీసుకెళ్ళి పరీక్ష చేయించారు. ఆ పనికి ఆమెను ప్రోత్సహించినవారు ఆమె భర్తే.

ఇక విషయానికి వస్తాను. హెచ్ఐవి అనగానే రక్తం గుర్తొస్తుంది. కానీ తొలి పెద్ద దెబ్బ పేగుకే. వైరస్ చంపే సిడి4 కణాలు ఎక్కువగా ఉండేది అక్కడే. సోకిన కొద్ది వారాల్లోనే వాటిలో చాలా భాగం పోతాయి. పేగు గోడ సడలి, లోపలి బాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారతాయి. అమెరికాలో బ్రెంచ్లీ, డూయెక్ బృందం 2006లో దీన్ని చూపించింది. ఇంట్లో దొంగ పడ్డాడని రాత్రంతా మేలుకున్నట్టు, రక్షక కణాలు ఏళ్ళ తరబడి మేలుకొనే ఉంటాయి. వైరస్‌కు కావలసిందీ అదే. నిద్రలో ఉన్న కణంలో అది పెరగలేదు.

కణం మేలుకుంటే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీను కేంద్రకంలోకి వెళ్ళి రక్షణ జన్యువులను ఆన్ చేస్తుంది. వైరస్ తన జన్యువుల మొదట్లో ఆ ప్రొటీనుకు కూర్చునే చోట్లు ఉంచుకుంది, స్విచ్చుల్లాగా. అమెరికా, ఐరోపాల్లో ఎక్కువగా ఉన్న బి రకానికి సాధారణంగా రెండు. మన దేశంలో ఎక్కువగా ఉన్న సి రకానికి మూడు. నాలుగున్న రకాలు కూడా మన దేశంలో ఉన్నాయని, వాటి జన్యువులు మరింత గట్టిగా పనిచేస్తాయని బెంగళూరులో ఉదయకుమార్ రంగ బృందం 2012లో ప్రచురించింది. అంటే పేగు నుంచి వచ్చే గొడవ ఒకటే అయినా, వినే చెవులు రకాన్ని బట్టి మారతాయి. అంతమాత్రాన సి రకం వచ్చినవారికి జబ్బు ఎక్కువని అనకండి. లెక్క అంత సులువు కాదు.

ఆఫ్రికాలో సూటీ మంగబీ అనే కోతులున్నాయి. వాటి రక్తం నిండా ఇలాంటి వైరస్సే, అయినా సాధారణంగా ఎయిడ్స్ రాదు. పేగు గోడ గట్టిగా ఉంటుంది, రక్షక కణాలు సర్దుకుంటాయి. నాకు ఈ కోతులంటే అసూయ!

మనకు మందులున్నాయి. అవి వైరస్‌ను అణుస్తాయి గాని, ఆ మేలుకోవడం చాలామందిలో పూర్తిగా తగ్గదు. నా పని దాని మీదే.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. వీధిలో ఒకాయన తన జబ్బు సంగతి తనే చెప్పుకున్నాడట, ఒంట్లో బాగుందని మాత్రలు మానేశాడట. "ఏం చెప్పమంటావు?" అంది. దాక్కున్న వైరస్ కొన్ని వారాల్లోనే లేస్తుంది, వెంటనే డాక్టరు దగ్గరికి పంపమన్నాను. అమ్మే తోడు వెళ్ళింది.

బయాలజీ తీసుకున్న పిల్లలు సభ అయ్యాక నన్ను కలవండి. అమ్మానాన్నలను కూడా తీసుకురండి.