రంగస్థలం మీద కంప్యూటరు హార్మోనియం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊళ్ళో మన పద్యనాటకం ఇన్నేళ్ళు నిలిచినదంటే, నటులకంటె ముందు మన హార్మోనియం మాస్టారిని చెప్పుకోవాలి. మూడేళ్ళ క్రిందట వారి మోకాళ్ళు పట్టేశాయి. కాలి హార్మోనియం తొక్కలేరు. చేతిపెట్టె తిత్తి కొడదామంటే ఎడమ భుజం లేవదు. వ్రేళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు. నాటకమే మానుకుందామా అని మేము మథనపడుతూండగా మా పిల్లలొక ఉపాయం చెప్పారు.

కీబోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపి, అందులో ప్లగిన్ అనే దాన్ని పెట్టుకోవడం. ప్లగిన్ తానొక్కటే నడిచేది కాదు. మరొక పెద్ద ప్రోగ్రాములో అమర్చుకోవాలి. 1996లో జర్మనీలోని స్టైన్‌బెర్గ్ సంస్థ వి.ఎస్.టి. అనే పద్ధతిని తెచ్చింది. 1999 నుండి వాద్యాలను కూడా ఆ రూపంలో అమర్చే వీలు కలిగింది. అసలు హార్మోనియం స్వరాలను రికార్డు చేసి అందులో ఉంచుతారు. మెట్టు నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. తిత్తితో పని లేదు.

‘యంత్రానికి రాగమేం తెలుసు?’ అన్నారు కొందరు. హార్మోనియం మాత్రం మన తాతల సొత్తా? ఐరోపానుండి వచ్చినదే గదా! 1940లో రేడియో దానిని వెలివేసింది; 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. రంగస్థలం దానిని విడిచిందా?

అసలు చిక్కు వేరే ఉన్నది. కంప్యూటరు శబ్దాన్ని మూటలు మూటలుగా పంపుతుంది. సెకండుకు 48,000 నమూనాల లెక్కన, 1,024 నమూనాల మూట అయితే కనీసం 21 మిల్లీసెకండ్ల ఆలస్యం. అంటే హార్మోనియం ఏడు మీటర్ల అవతలనుండి వినిపించినట్లే. నటుడు రాగం లాగుతూంటే వెంట నడవవలసిన వానికి ఇది చాలా ఇబ్బంది. మూట 128కి తగ్గిస్తే ఆలస్యం 3 మిల్లీసెకండ్లకు లోపే. కాని బలం చాలని ల్యాప్‌టాప్ చిటపటలాడుతుంది. మేము అక్కరలేని ప్లగిన్లన్నీ తీసివేసి 256 దగ్గర ఆగాము. తీగ లేని ఇయర్‌ఫోన్ల జోలికి పోకండి, వాటి ఆలస్యం ఇంకా ఎక్కువ.

ఇంట్లో అంతా బాగానే మ్రోగింది. నిరుడు ఉగాది రాత్రి కాటిసీనులో, హరిశ్చంద్రుడు పద్యమెత్తుకొన్న క్షణాన, ఎవరో పంపిన సందేశానికి ల్యాప్‌టాప్ టింగుమన్నది. పందిరంతా నవ్వింది. మాస్టారు తల వంచుకొని, ‘ఇక నన్ను వదిలేయండి నాయనా’ అన్నారు. ఆ తప్పు వారిది కాదు, యంత్రానిదీ కాదు. ఇంటర్నెట్ కట్టివేయని మాది. వారిని మళ్ళీ ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈ ఏడు ఇంటర్నెట్ తీసివేశాము. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సర్దాము. ఛార్జరు తీగను వేదికకు టేపుతో అంటించాము. నాటకానికి కావలసిన శబ్దాలన్నీ ముందే తెరిచి ఉంచాము. నడుమ ఏదీ క్రొత్తగా తెరవము. నటుని శ్రుతికి తగినట్టు ఒక్క మీటతో మార్చే సౌకర్యమున్నది గాని మాస్టారు దానిని ముట్టుకోరు. మెట్లు మార్చి వాయించడమే వారి అలవాటు, మేమూ బలవంతపెట్టలేదు. ప్రక్కనే పాత చేతిపెట్టెతో వారి శిష్యుడు కూర్చుంటాడు, ఏదైనా ఆగితే అందుకోవడానికి.

రాత్రి తొమ్మిదింటికి తెర లేస్తుంది. మాస్టారు సాయంత్రమే వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నారు.