కౌంటరు అవతలి కుర్చీ

అక్కలారా, అన్నలారా, డిగ్రీ చదివి ఇంటికాడ కూర్చున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా!

పొదుపు సంఘాల్లో మన ఆడవాళ్ళు నెలనెలా డబ్బు కడుతున్నారు. ఉపాధి పని కూలి కూడా బ్యాంకు ఖాతాలోనే పడుతోంది. మన డబ్బు ఇంత తిరిగే ఆ గదిలో కౌంటరుకు ఇవతల నిలబడేది మనం. అవతల కూర్చున్నది ఎవరు? పాసుబుక్కు విసిరేసే చెయ్యి ఎవరిది? "సోమవారం రా పో" అనే నోరు ఎవరిది? సాయంత్రం వాడలో కూర్చుని తిట్టుకుంటాం. తిట్టుకుంటే సరిపోదు, ఆ కుర్చీలోకి మన పిల్లల్ని పంపాలి.

గ్రామీణ బ్యాంకులు ఎవరి దానధర్మమూ కాదు. 1975 అక్టోబరు 2న మొదటివి తెరిచారు, 1976లో చట్టం చేశారు. సన్నకారు రైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్ళ కోసమని ఆ చట్టంలోనే రాసుంది. వ్యవసాయ కూలీలంటే మనం కాక ఇంకెవరు? మూలధనంలో కేంద్రానిది నూటికి 50, రాష్ట్రానిది 15, మిగతా 35 స్పాన్సరు బ్యాంకుది. 2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బోర్డు మారింది, కౌంటరు మారలేదు.

కుర్చీలో ఎవరుంటే ఏమిటంటారా? గ్రామీణ బ్యాంకు అప్పుల్లో నూటికి 75 ప్రాధాన్య రంగాలకు, అందులోనే 15 బలహీన వర్గాలకు పోవాలని రిజర్వు బ్యాంకు లెక్క. ఆ బలహీన వర్గాల జాబితాలో ఎస్సీ, ఎస్టీలున్నారు. అదే జాబితాలో సన్నకారు రైతులూ, పొదుపు సంఘాలూ ఉన్నాయి. అంటే మన వాడలో ఒక్క గడపకూ ఇవ్వకుండానే ఆ 15 పూర్తిచేసి పైకి రిపోర్టు పంపొచ్చు! కట్టలో ఏ దరఖాస్తు పైకి రావాలి, ఏది అడుగున మగ్గాలి అనేది బ్రాంచీలో కూర్చున్నవాళ్ళ చేతిలో ఉంది.

మన పిల్లలు డీఎస్సీ కోసం, కానిస్టేబులు కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూస్తారు. మేం పంతుళ్ళమే, ఆ ఉద్యోగాన్ని తక్కువ చెయ్యడం లేదు. కానీ గ్రామీణ బ్యాంకులకు ఐ.బి.పి.ఎస్. పరీక్ష ఉంది. ఏ డిగ్రీ అయినా సరే. ఆఫీస్ అసిస్టెంటుకు 28 ఏళ్ళు, స్కేల్ వన్ ఆఫీసరుకు 30 ఏళ్ళు దాటకూడదు. మనకు ఇంకో 5 ఏళ్ళ సడలింపు. ముప్పై దాటిందని పుస్తకం మూసి కూలికి పోతున్న పిల్లోడికి ఈ మాట ఎవరైనా చెప్పారా? లెక్కలు, రీజనింగు తెలుగులో రాయొచ్చు. ఆఫీస్ అసిస్టెంటుకు ఇంటర్వ్యూ లేదు. అంటే ఇంటిపేరు, ఊరిపేరు అడిగే గది లేదన్నమాట. జీతం తక్కువేమో అనుకోవద్దు. 1990లో జస్టిస్ ఓబుల్ రెడ్డి ట్రిబ్యునల్ తీర్పు స్పాన్సరు బ్యాంకు ఉద్యోగులతో సమానం చేసింది.

సంఘం పుస్తకాలు రాసే మన ఆడపిల్లలకు వడ్డీ, వాయిదా, బాకీ చేతికొచ్చిన లెక్కలు. వాళ్ళలో డిగ్రీ ఉన్నవాళ్ళు ముందు కూర్చోవాలి.

ఉద్యోగం రాగానే పుస్తకం అటక ఎక్కించొద్దు. జె.ఎ.ఐ.ఐ.బి., ఆ తర్వాత సి.ఎ.ఐ.ఐ.బి. ప్యాసవ్వాలి. ఎందుకింత గట్టిగా చెప్తున్నామంటే, ఆఫీసర్లయ్యాక ఒక స్కేలు నుంచి పై స్కేలుకు ఎంపిక పద్ధతిలో ఇచ్చే ప్రమోషన్లలో మనకు రిజర్వేషన్ లేదని బ్యాంకు ఆఫీసర్ల కేసులో సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. కింది మెట్టు దాకానే కోటా. పై మెట్లకు పరీక్ష మార్కులూ, సర్వీసు రికార్డూ కావాలి. ఎవరో పెద్దమనిషి అప్పు కాగితం మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టమంటే పెట్టొద్దు. వాళ్ళు తప్పు చేస్తే మనిషి తప్పంటారు, మనవాడు చేస్తే కులం తప్పంటారు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మన బడి గదిలో లెక్కల క్లాసు మొదలు. పాత ప్రశ్నపత్రాలు మేం తెస్తాం. మీరు చెయ్యాల్సిందల్లా, కేంద్రం నమూనాలో కులం సర్టిఫికెట్టు ఇప్పుడే తీసిపెట్టుకోండి. నోటిఫికేషన్ పడ్డాక పరిగెత్తితే తహసీల్దారు క్యాంపులో ఉంటాడు.